బరువైన క్యాంపర్‌కు గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్: ఎంచుకోవడం నుంచి బిగించేదాకా

నీళ్ల ట్యాంకు నింపి, మంచం, పొయ్యి, ఫ్రిజ్, సైకిళ్లు అన్నీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారనుకోండి. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలబడి ఉంటుంది. దాన్ని చూసి బండికి ఏమీ కాలేదని ధీమాగా ఉంటాం. అదే సమయంలో మీ కాళ్ల కింద ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఉడుకుతూ ఉండొచ్చు. ఆ సంగతి చెప్పే ముల్లు చాలా బండ్లలో ఉండదు. ఉండేదల్లా ఒక దీపం. అది వెలిగేసరికి జరగాల్సిన నష్టం సగం జరిగిపోయి ఉంటుంది.

ఆ ఆయిల్‌ను గాలితో చల్లబరిచే అదనపు కూలర్ బిగించడం కష్టమైన పనేం కాదు. పనిముట్లు పట్టడం వచ్చినవాళ్లకు ఒక పూట పని. కానీ ఎక్కువమంది ముందు కూలర్ కొని, తర్వాత ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. ఇంకొందరైతే అసలు వేడి ఎంత ఉందో కొలవనే కొలవరు. అందుకే ఈ పనిని కొలతతో మొదలుపెడదాం.

వేడి ఎక్కడ పుడుతుంది?

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లను ఆయిల్‌లో ముంచినట్టు ఊహించుకోండి. ఇంజిన్ ఒకదాన్ని తిప్పితే, అది విసిరే ఆయిల్ రెండోదాన్ని తిప్పుతుంది. రెండిటి వేగం ఒకటే అయితే ఇబ్బంది లేదు. తేడా ఉన్నంతసేపూ ఆ తేడాలో చాలా భాగం వేడిగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. వేగం అందుకున్నాక లోపల లాకప్ క్లచ్ పడి రెండిటినీ కలిపేస్తుంది. అప్పుడు వేడి దాదాపు ఆగిపోతుంది.

అంటే ఎంత బరువు మోశాం అన్నదొక్కటే కాదు, లాకప్ పడకుండా ఎంతసేపు లాగాం అన్నదీ చూడాలి. అదే బరువుతో చదును రోడ్డు మీద ఒకే వేగంతో వంద కిలోమీటర్లు వెళ్లినా ఆయిల్ చల్లగానే ఉంటుంది. మలుపుల ఘాట్‌లో మెల్లగా ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉన్నప్పుడు, ఇసుకలోంచో బురదలోంచో బండిని బయటకు తీసేటప్పుడు నిమిషాల్లో వేడెక్కిపోతుంది.

మామూలుగా ఈ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగం తగ్గుతుందని మెకానిక్కులు పాటించే ఒక మోటు లెక్క ఉంది. 115 దాటితే ఆయిల్ లోపలి భాగాల మీద వార్నిష్‌లా పేరుకోవడం మొదలవుతుంది. 130 దాటితే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. 145 దగ్గర క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి. ఇవి పాతకాలం ఆయిళ్ల లెక్కలు, ఇప్పటి సింథటిక్‌లు ఇంకొంచెం ఓర్చుకుంటాయి. కొన్ని కొత్త గేర్‌బాక్సులనైతే ఇంధనం ఆదా కోసం కంపెనీయే కావాలని 95 నుంచి 100 దగ్గర నడిపిస్తుంది. మీ బండి పుస్తకంలో ఏముందో ఒకసారి చూసుకోండి. లేకపోతే ఉన్నది మామూలు వేడే అయినా టెన్షన్ పడి అక్కర్లేని ఖర్చు పెట్టుకుంటారు.

ముందు కొలవండి

ఓబీడీ సాకెట్‌లో (బండి కంప్యూటర్ సమాచారం చదివే చోటు) పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ కనిపిస్తుంది. మామూలు యాప్‌లో కనిపించకపోతే మీ బండి కంపెనీకి తగిన సెన్సర్ జాబితాను అందులో చేర్చుకోవాలి. పాత బండి అయితే విడిగా గేజ్ పెట్టాలి. సెన్సర్ ఎక్కడ పెట్టారన్నది గుర్తుంచుకోండి. ఆయిల్ పాన్‌లో పెడితే సగటు వేడి తెలుస్తుంది. కన్వర్టర్ నుంచి కూలర్‌కు వెళ్లే పైపు మీద పెడితే శిఖర వేడి తెలుస్తుంది. రెండిటి మధ్య తేడా చాలా ఉండొచ్చు. ఒకచోటి అంకెను ఇంకోచోటి హద్దుతో పోల్చి కంగారుపడకండి.

ఏ గేజూ లేకపోతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పాన్ మీద చూడొచ్చు. కాకపోతే మెరిసే అల్యూమినియం పాన్ మీద అది అబద్ధం చెబుతుంది, అసలు వేడి కన్నా చాలా తక్కువ చూపిస్తుంది. పాన్‌ను తుడిచి, నల్ల టేపు ముక్క ఒకటి అంటించి దాని మీద చూడండి.

ఇప్పుడు బండికి నిజంగా ప్రయాణానికి వెళ్లేంత బరువు ఎక్కించి, మీకు తెలిసిన ఎక్కుడు రోడ్డు మీద నడపండి. ఎక్కేటప్పుడు వేడి 100 దాకా వెళ్లి, పైకి చేరాక గబగబా దిగిపోతుంటే మీ బండిలో ఉన్న కూలరే సరిపోతోంది. ప్రతి ఎక్కుడులోనూ 110 తాకుతూ, దిగడానికి అరగంట తీసుకుంటుంటే కొత్త కూలర్ అవసరమే. చదును రోడ్డు మీద కూడా 115, 120 చూపిస్తుంటే మాత్రం కొత్త కూలర్ కొనకండి. లాకప్ పడట్లేదేమో, ఉన్న కూలర్ పూడుకుపోయిందేమో, ఆయిల్ తక్కువైందేమో చూపించుకోండి. రోగం గేర్‌బాక్స్‌లో పెట్టుకుని కూలర్ అనే మందు వేస్తే తగ్గదు.

కొలతతో పాటు ఆయిల్ మొహం కూడా చూడాలి. డిప్‌స్టిక్ తీసి తెల్ల టిష్యూ పేపరు మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా, పారదర్శకంగా ఉండి మెల్లగా చుట్టూ పాకితే మంచిదే. గోధుమరంగు తిరిగితే మార్చే టైమైంది. నల్లగా, మధ్యలో మసి చుక్కలా నిలిచిపోయి, కాలిన వాసన వస్తుంటే లోపల ప్లేట్లు ఇప్పటికే దెబ్బతిన్నాయి. గులాబీరంగు పాలలా ఉంటే బండి స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్ లోపల ఉండే కూలర్ పగిలి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), ఆయిల్ కలిసిపోయాయని అర్థం. క్లచ్ ప్లేట్ల మీద అంటించిన పొరను ఆ నీళ్లు ఊడదీస్తాయి. అప్పుడు మాట్లాడుకోవాల్సింది కూలర్ గురించి కాదు, రేడియేటర్ గురించి, బహుశా గేర్‌బాక్స్ గురించి కూడా.

బండిని కాటా మీద ఎక్కించండి

క్యాంపర్ బరువు ఎంతో యజమానికి తెలిసినట్టే ఉంటుంది కానీ తెలియదు. పుస్తకంలో రాసిన ఖాళీ బరువుకు పందిరి, సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు, నీళ్లు, మనుషులు అన్నీ కలుస్తాయి. నీళ్లే చూడండి, 200 లీటర్లంటే 200 కిలోలు. అందుకే ప్రయాణానికి సిద్ధంగా ఉన్న బండిని వే బ్రిడ్జ్ మీద పెట్టి చీటీ తీసుకోండి. వెనకాల కారో ట్రైలరో లాగితే దాన్నీ కలపండి.

కూలర్ డబ్బాల మీద చాలావాటికి బరువు పౌండ్లలో రాసి ఉంటుంది. ఒక టన్ను అంటే సుమారు 2,200 పౌండ్లు. మీ మోటర్‌హోమ్ 6,500 కిలోలు, వెనకాల 1,500 కిలోల కారు అనుకుందాం. మొత్తం 8,000 కిలోలు, అంటే దాదాపు 17,600 పౌండ్లు. డబ్బా మీద 18,000 అని ఉన్నది సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని తీసుకోకండి. ఒక మెట్టు పైది, 22 నుంచి 24 వేల పౌండ్ల తరగతిది తీసుకోండి. మోటర్‌హోమ్ అంటే గాలికి ఎదురొడ్డే గోడ. అదే బరువున్న సరుకు బండి కన్నా ఎక్కువ కష్టపడుతుంది. ఒక మెట్టు పైకి వెళ్లమంటున్నది అందుకే.

ఏ రకం కూలర్?

మార్కెట్‌లో మూడు రకాలు దొరుకుతాయి. ఒకే గొట్టాన్ని పాములా మెలికలు తిప్పి రెక్కలు తొడిగినది మొదటిది. చవక, మొండిది, కానీ చల్లబరిచే శక్తి తక్కువ. చిన్న బండికి పరవాలేదు గానీ బరువైన క్యాంపర్‌కు వద్దు. రెండోది ప్లేట్లు, రెక్కలు కలిపి చేసినది, మధ్యరకం. మూడోది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినది, దీన్నే స్టాక్డ్ ప్లేట్ అంటారు. ఆయిల్ ఒకేసారి చాలా పలకల్లోకి పల్చటి పొరలుగా చీలి ప్రవహిస్తుంది. తక్కువ జాగాలో ఎక్కువ వేడి లాగుతుంది, ఆయిల్‌కు అడ్డు కూడా తక్కువ. బరువైన బండికైతే నేను దీన్ని తప్ప వేరేది సిఫారసు చేయను.

పరిమాణం కన్నా ముందు చూడాల్సింది నోటి సైజు. మీ బండి పైపు లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లా, 9.5 ఆ, 12.7 ఆ తెలుసుకోండి. అంగుళాల్లో ఇవి 5/16, 3/8, 1/2. కొత్త కూలర్ నోరు, హోస్, మధ్యలో వచ్చే ఫిట్టింగులు ఏవీ దానికన్నా సన్నగా ఉండకూడదు. ఇదేదో పద్ధతి కోసం చెప్తున్నది కాదు. చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలే లోపలి బుష్‌లకూ గేర్లకూ తడి అందిస్తుంది. పెద్ద పైపు మధ్యలో సన్నని ఫిట్టింగ్ పెడితే ఆయిల్ చల్లబడుతుందేమో గానీ గేర్‌బాక్స్ ఎండిపోతుంది.

చలి ప్రాంతాల్లో కూడా తిరిగే బండి అయితే థర్మోస్టాట్ బైపాస్ వాల్వ్ ఒకటి పెట్టండి. ఆయిల్ సుమారు 80 డిగ్రీలు దాటేదాకా కూలర్‌కు పోకుండా ఇది దారి మళ్లిస్తుంది. మరీ చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి గేర్లు మొరటుగా పడతాయి, లాకప్ ఆలస్యమవుతుంది. కొన్ని కొత్త బండ్లలో ఈ వాల్వ్ ముందే ఉంటుంది, అప్పుడు రెండోది అక్కర్లేదు.

ఫ్యాన్ సంగతి. ముందు గ్రిల్ వెనకాల కూలర్ పెట్టగలిగితే ఇంజిన్ ఫ్యానే గాలి లాగుతుంది, వేరే ఫ్యాన్ అవసరం తక్కువ. జాగా లేక బండి కింద పెట్టాల్సి వస్తే ఫ్యాన్ ఉన్న కూలరే కొనండి. మనకు ఎక్కువ వేడి పుట్టేది మెల్లగా వెళ్లేటప్పుడు. ఆ వేగంలో బండి కింద గాలి ఆడదు.

ఇంకో సంగతి, కొనేముందే చూసుకోవాలి. కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కు ఆయిల్ పైపులే ఉండవు. గేర్‌బాక్స్ పక్కనే అతికించిన చిన్న పెట్టెలోకి కూలెంట్ వచ్చి ఆయిల్‌ను చల్లబరుస్తుంది. అలాంటి బండికి మామూలు కిట్ పనికిరాదు. ఆ మోడల్ కోసం చేసిన అడాప్టర్ కిట్టే తేవాలి.

అట్టముక్కతో రిహార్సల్

కూలర్ ఆర్డర్ చేసేముందు దాని కొలతలకు ఒక అట్టపెట్టె ముక్క కత్తిరించండి. మందం కూడా ఉండేలా రెండు మూడు పొరలు అంటించండి. పైపులు వచ్చేచోట పాత హోస్ ముక్కలు గుచ్చండి. గ్రిల్ తీసి, ఏసీ కండెన్సర్ ముందు దాన్ని పట్టుకుని బానెట్ మూయండి. తాళం తగులుతోందా? హారన్ అడ్డొస్తోందా? హోస్ వంపు తిరగడానికి జాగా ఉందా? హోస్‌ను మడత పడేంత బిగువుగా వంచకూడదు. నేను ఒకసారి ఈ అట్ట పనిని బద్ధకించి కూలర్ తెచ్చాను. కూలర్ చక్కగా పట్టింది, ఫిట్టింగులు మాత్రం బంపర్ కడ్డీకి గుద్దుకున్నాయి. తిరిగి డబ్బాలో పెట్టాల్సి వచ్చింది.

కూలర్‌కీ కండెన్సర్‌కీ మధ్య కనీసం 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రేడియేటర్ ముఖం మొత్తాన్ని కప్పేయకూడదు. కప్పితే ఆ కూలర్ వదిలే వేడిగాలి రేడియేటర్‌లోకి పోయి ఇంజిన్ వేడెక్కుతుంది, గేర్‌బాక్స్‌ను కాపాడబోయి ఇంజిన్‌ను ఉడికించినట్టవుతుంది. పైపుల నోళ్లు పైకి గానీ పక్కకు గానీ ఉండాలి. కిందికి పెడితే పైన గాలి చిక్కుకుని ఆ మేర కూలర్ ఖాళీగా ఉండిపోతుంది.

పాత పైపులో ఎక్కడ కలపాలి?

వరుస ఇలా ఉండాలి: గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్ లోపలి కూలర్‌కు, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, అక్కడి నుంచి తిరిగి గేర్‌బాక్స్‌కు. రేడియేటర్ పెద్ద వేడిని దించుతుంది. అయితే అది కూలెంట్ ఎంత వేడిగా ఉంటే అంతకు మించి చల్లబరచలేదు. మిగతాది గాలి తగిలే కొత్త కూలర్ చూసుకుంటుంది. చలిలో రేడియేటర్ తిరిగి ఆయిల్‌ను వేడెక్కించే పని కూడా చేస్తుంది, దాన్ని పూర్తిగా తప్పించడం నాకు నచ్చదు. లోపలి కూలర్ మీద అనుమానం ఉన్న పాత రేడియేటర్ అయితే అది వేరే మాట. అప్పుడు రేడియేటర్‌ను తప్పించి, థర్మోస్టాట్ వాల్వ్‌తో పెద్ద కూలర్ పెట్టుకోవచ్చు. బండికి ముందే ఒక చిన్న అదనపు కూలర్ ఉంటే దాని పక్కన ఇంకోటి చేర్చకుండా దాని స్థానంలోనే పెద్దది పెట్టండి. జాయింట్లు ఎంత తగ్గితే లీకులు అంత తగ్గుతాయి.

తిరిగొచ్చే పైపు ఏదో పైపు ఎత్తును చూసి ఊహించకండి, బండి బండికీ మారుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసి, రేడియేటర్ దగ్గర రెండు పైపుల మీదా చెయ్యి ఆనించి ఉంచండి. ముందు వెచ్చబడేది గేర్‌బాక్స్ నుంచి వచ్చే పైపు. రెండోది తిరిగి వెళ్లేది, మనకు కావలసిందీ అదే. తిరిగే ఫ్యాన్‌కు చెయ్యి, చొక్కా అంచు దూరంగా ఉంచండి. గేర్‌బాక్స్‌లో థర్మోస్టాట్ ఉన్న బండి అయితే ఆయిల్ వేడెక్కేదాకా రెండు పైపులూ చల్లగానే ఉంటాయి. కాసేపు నడిపి తెచ్చి, థర్మామీటర్‌తో చూడండి.

హోస్, క్లిప్పులు: అసలు కొంప మునిగేది ఇక్కడే

కూలర్ పాడై రోడ్డు మీద నిలిచిన బండ్లు తక్కువ. హోస్ ఊడి నిలిచినవే ఎక్కువ.

హోస్ మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోస్ అని, ఎస్‌ఏఈ జె1532 (ఈ హోస్‌ల ప్రమాణం) అని ముద్రించి ఉండాలి. పెట్రోల్ హోస్ ఈ వేడికి కొన్నాళ్లకు గట్టిపడి పగులుతుంది. హీటర్ హోస్ ఆయిల్ తగిలి ఉబ్బి మెత్తబడుతుంది. చూడ్డానికి మూడూ నల్లగా ఒకేలా ఉంటాయి, అందుకే ముద్ర చదవాలి.

ఇనుప పైపును కోసి హోస్ తొడగాల్సి వస్తే, కోసిన చివర చుట్టూ చిన్న ఉబ్బు తీయాలి. దాన్ని బీడ్ అంటారు, ఫ్లేరింగ్ టూల్‌తో వస్తుంది. నున్నటి పైపు మీద ఎంత గట్టి క్లిప్పు వేసినా వేడికి, ఒత్తిడికి హోస్ మెల్లగా జారుతుంది. నా మొదటి కూలర్‌కు నేను చేసిన తప్పు ఇదే. రెండు క్లిప్పులు వేశాను కదా అని బీడ్ తీయలేదు. వారం బాగానే నడిచింది. ఎనిమిదో రోజు ఎక్కుడులో ఉన్నట్టుండి ఇంజిన్ ఊరికే అరుస్తోంది, బండి ముందుకు కదలట్లేదు. అద్దంలో చూస్తే వెనక రోడ్డంతా తడిసిన గీత. గేర్‌బాక్స్ పంపు కనుక ఆయిల్‌ను బయటకు తోయడానికి నిమిషం కూడా పట్టలేదు. వెంటనే ఇంజిన్ ఆపాను కాబట్టి గేర్‌బాక్స్ దక్కింది.

హోస్ కనీసం 25 మిల్లీమీటర్లు పైపు మీదకు ఎక్కాలి. క్లిప్పు బీడ్ వెనకాల కూర్చోవాలి. లోపలి అంచు నున్నగా ఉండి రబ్బరును కోయని రకం క్లిప్పులు తీసుకోండి. బిగించేటప్పుడు రబ్బరు క్లిప్పు అంచుల మీద కొద్దిగా పొంగగానే ఆపండి.

కంపెనీ పైపులకు క్విక్ కనెక్ట్ (మర లేకుండా నొక్కితే పట్టే జాయింట్) రకం ఉంటే వాటికి తగిన అడాప్టర్లు దొరుకుతాయి, కోయాల్సిన పనే ఉండదు. నా ఓటు వీటికే. విప్పడానికి ప్లాస్టిక్ రిలీజ్ టూల్ కావాలి. స్క్రూడ్రైవర్‌తో పీకితే లోపలి స్ప్రింగ్ క్లిప్పు విరుగుతుంది. పెట్టేటప్పుడు "టిక్" మని వినిపించాక వెనక్కి లాగి చూడండి. రానిదే పట్టినట్టు.

మరలున్న ఫిట్టింగులకు తెల్ల టెఫ్లాన్ టేప్ చుట్టకండి. దాని పోగు ఒకటి తెగి గేర్‌బాక్స్ వాల్వ్ బాడీలో (గేర్లు మార్చే ఆయిల్ దారులు ఉండేచోట) ఇరుక్కుంటే గేర్లు పిచ్చెక్కినట్టు పడతాయి. కోను ఆకారంలో సన్నబడే మరలకు ఆయిల్‌ను తట్టుకునే పేస్ట్ సీలెంట్ పల్చగా రాయండి, మొదటి రెండు చుట్లు వదిలేయండి. ఓ రింగ్ లేదా ఫ్లేర్ సీటు ఉన్నవాటికి ఏదీ రాయక్కర్లేదు, కొద్దిగా ఆయిల్ పూస్తే చాలు. అల్యూమినియం కూలర్ మీద బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి. ఒకదానితో కూలర్ వైపు నట్టును కదలకుండా పట్టుకుని, రెండోదానితో తిప్పండి. లేదంటే నోరు మెలిపడి చీలుతుంది.

ఇక బిగింపు

బండి చల్లబడ్డాక చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డాలు పెట్టండి. బండి కిందకు వెళ్లాల్సి వస్తే బరువుకు తగ్గ స్టాండ్లు ఉండాల్సిందే. జాకీని నమ్ముకుని క్యాంపర్ కిందకు దూరకండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. క్యాంపర్‌లో ఇంటి బ్యాటరీ వేరే ఉంటుందని మరిచిపోకండి. కొత్త కూలర్‌కు ఫ్యాన్ ఉంటే దాని వైరుకు ఫ్యూజ్, రిలే రెండూ పెట్టండి.

1. గ్రిల్, అవసరమైతే బంపర్ తీయండి. స్క్రూలను వరుసగా ఒక అట్టకు గుచ్చుకుంటూ పోతే మళ్లీ పెట్టేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

2. బ్రాకెట్లు చేయండి. చాలా కిట్లలో రేడియేటర్ రెక్కల మధ్యనుంచి దూర్చి బిగించే ప్లాస్టిక్ టైలు ఇస్తారు. వాటిని పక్కన పడేయండి. బండి అదురుకు అవి రేడియేటర్ గొట్టాలను రాస్తూ రాస్తూ చిల్లు పెడతాయి. అల్యూమినియం పట్టీని వంచి, పైన లాక్ ఉండే అడ్డ పట్టీకీ కింది చట్రానికీ బోల్టులతో బిగించండి. కూలర్‌కూ పట్టీకీ మధ్య రబ్బరు వాషర్లు వేయండి.

3. కూలర్ నోళ్లకున్న ప్లాస్టిక్ మూతలు హోస్ తొడిగే క్షణం దాకా తీయకండి. ఒక్క ఇసుక రేణువు లోపలికి పోయినా అది నేరుగా గేర్‌బాక్స్‌కే చేరుతుంది.

4. హోస్‌లను ముందు వదులుగా పరిచి చూడండి. సైలెన్సర్ పైపుకు కనీసం ఒక జానెడు దూరం, రేకు రంధ్రంలోంచి వెళ్లేచోట రబ్బరు గ్రామెట్, ఫ్యాన్‌కూ బెల్టుకూ అందనంత దూరం ఉండాలి. ప్రతి రెండు జానలకూ ఒక రబ్బరు పొర ఉన్న క్లిప్పుతో చట్రానికి పట్టించండి. ఇంజిన్ కదిలే బండిలో కొద్దిగా వదులు ఉంచాలి, లాగినట్టు బిగుతుగా ఉండకూడదు. కోసేముందు రెండుసార్లు కొలవండి. పదునైన బ్లేడుతో నిలువుగా కోసి, లోపల చేరిన రబ్బరు ముక్కలను గాలి ఊది తీసేయండి.

5. కింద తట్ట పెట్టి తిరిగి వెళ్లే పైపు విప్పండి. కారిన ఆయిల్‌ను పారబోయకండి, అది ఎంతో కొలిచి రాసుకోండి. రేడియేటర్ నుంచి వచ్చే చివరను కొత్త కూలర్ లోపలి నోటికి, కూలర్ బయటి నోటిని గేర్‌బాక్స్‌కు వెళ్లే పైపుకు కలపండి. పక్కకు పెట్టిన స్టాక్డ్ ప్లేట్ కూలర్ అయితే ఆయిల్ కింది నోటిలో చేరి పై నోటిలోంచి వెళ్లేలా పెట్టండి, గాలి బయటకు తోసుకుపోతుంది.

6. గేర్‌బాక్స్ ఇంతకుముందు ఎప్పుడైనా కాలి రిపేరయి ఉంటే, కూలర్‌కు ముందు ఒక చిన్న మాగ్నెట్ ఫిల్టర్ పెట్టండి. పాత కూలర్‌ను కడిగి మళ్లీ వాడాలని ఆశపడకండి. పలకల మధ్య ఇరుక్కున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు.

ఆయిల్ నింపడం

కూలర్, హోస్‌లు కలిసి మామూలుగా అర లీటరు నుంచి లీటరు దాకా ఎక్కువ తాగుతాయి. బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, మెర్కాన్ యూఎల్‌వీ, ఏటీఎఫ్+4 ఇవన్నీ ఎర్రగానే ఉంటాయి గానీ ఒకటి కాదు. అన్నిటికీ పనికొస్తుందని అమ్మే ఆయిల్ జోలికి నేను పోను.

అర లీటరు పోసి, బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేయండి. పక్కన ఒకరిని జాయింట్లు చూడమని నిలబెట్టండి. ధారలా కారితే వెంటనే ఆపాలి. బ్రేక్ గట్టిగా తొక్కి ప్రతి గేర్‌లోనూ నాలుగైదు సెకన్లు పెట్టి తిరిగి పార్క్‌కు తీసుకురండి. తర్వాత లెవెల్ చూడండి. డిప్‌స్టిక్ ఉన్న చాలా బండ్లలో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి. కొన్నిటిలో పార్క్‌లో, కొన్నిటిలో న్యూట్రల్‌లో. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్ అయితే పక్కన ఉండే లెవెల్ ప్లగ్గును పుస్తకంలో చెప్పిన టెంపరేచర్‌లో విప్పి, సన్నగా చుక్కలు పడేదాకా నింపాలి. ఇక్కడ టెంపరేచర్ తప్పితే లెవెల్ తప్పినట్టే. మీ ఓబీడీ యాప్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. మరీ ఎక్కువ పోస్తే తిరిగే భాగాలు దాన్ని గిలకొట్టి నురగ చేస్తాయి. నురగ కూలర్‌లో చల్లబడదు, గేర్‌బాక్స్‌లో తడీ ఇవ్వదు.

ఒక పది కిలోమీటర్లు నడిపి వచ్చి, రాత్రికి బండి ముందు భాగం కింద శుభ్రమైన అట్ట పరచండి. పొద్దున్నే దాని మీద ఎర్ర చుక్క కనిపిస్తే ఏ జాయింటో ఇట్టే తెలుస్తుంది.

మళ్లీ అదే ఎక్కుడు

మొదట కొలిచిన రోడ్డు మీదే, అదే బరువుతో, దాదాపు అదే ఎండలో మళ్లీ ఎక్కండి. అంకె తగ్గాలి, పైకి చేరాక ఇంకా తొందరగా దిగాలి. అసలేమీ మారకపోతే వరుస తప్పి కలిపారేమో, గాలి చిక్కిందేమో, కూలర్‌కు గాలి అందట్లేదేమో చూడండి. కూలర్ రెండు పైపుల మీదా థర్మామీటర్ పెడితే లోపలికి వెళ్లేదానికీ బయటకు వచ్చేదానికీ తేడా ఉండాలి. తేడా లేకపోతే ఒకటి ఆయిల్ పోవట్లేదు, లేదా గాలి ఆడట్లేదు.

నడిపే పద్ధతి కూడా కూలర్‌కు సగం పని తగ్గిస్తుంది. ఘాట్ మొదలవకముందే టో హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు వాడేది) నొక్కండి, లేదా చేత్తో ఒక గేర్ కిందకు దించండి. ఇంజిన్ కాస్త ఎక్కువ తిరిగి శబ్దం చేస్తుంది. భయపడకండి, ఆ గేర్‌లో లాకప్ పడి ఉంటే ఆయిల్ చల్లబడుతుంది. పై గేర్‌లో యాక్సిలరేటర్ అదిమి, బండి గేర్లు ఎక్కుతూ దిగుతూ తడబడుతుంటే వేడి పెరుగుతుంది. ఆయిల్ వేడి హద్దు దాటితే పక్కకు ఆపి, పార్క్‌లో ఇంజిన్‌ను కొంచెం రేజ్ చేసి ఉంచండి. పంపు తిరిగి ఆయిల్ కూలర్‌లోంచి పోతూ ఉంటుంది. ఇంజిన్ ఆపేస్తే ఆ వేడి లోపలే నిలుస్తుంది. హోస్ ఊడి ఆయిల్ కారిపోతుంటే మాత్రం ఈ సలహా వర్తించదు, అప్పుడు ఇంజిన్ వెంటనే ఆపాల్సిందే.

50 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు ఇంకోసారి గ్రిల్ సందులోంచి టార్చి వేసి చూడండి. క్లిప్పుల దగ్గర దుమ్ము తడిసి మట్టిలా అంటుకుంటే అక్కడ చెమ్మ వస్తోందని అర్థం. హోస్ మీద ఎక్కడైనా రాసుకుని మెరుస్తున్న మచ్చ కనిపిస్తే ఆ చోట ఇంకో క్లిప్పు వేసి దూరం జరపండి. బ్రాకెట్ బోల్టులను స్పానర్‌తో ఒకసారి తడిమి చూడండి. రెక్కల మధ్య పురుగులు, గడ్డి పేరుకుంటే వెనక నుంచి ముందుకు మెల్లటి నీళ్ల ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ పల్చటి రెక్కలు ఒక్క దెబ్బకు పడుకుంటాయి, తర్వాత ఒక్కోదాన్ని చిన్న దువ్వెనతో నిలబెట్టుకుంటూ కూర్చోవాలి.